వంకాయ జీనోమ్‌ల హెచ్‌ఎస్‌ఎఫ్ జీన్లు: లెక్క తేలుతలేదు, ఎక్కడ కోత పెట్టాలె?

చల్కభూమి (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్తే. వంకాయల హీట్ షాక్ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే వేడి తగిలినప్పుడు మొక్కల జీన్లను లేపే, అణిచే ప్రొటీన్లు, ఈ హెచ్‌ఎస్‌ఎఫ్ ఫ్యామిలీ మొత్తం పట్టి లెక్క తేల్చాలె. ఎందుకో మన దిక్కున్నోళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఎండాకాలం పాలమూరుల ఎండ ముదిరిందంటే వంగతోటల పూత రాలుడే రాలుడు, నిలిచిన పూతకు కూడ కాయ సక్కగ కట్టదు. ఎండకు ఓర్చే నాటు రకానికి, ఓర్వని రకానికి తేడా ఈ జీన్ల దగ్గర ఏమన్న ఉందా చూడాలంటే, ముందుగాల అవి ఎన్ని, ఏ క్రోమోజోము మీద ఎక్కడున్నయి అన్నది చేతికి రావాలె.

ఇప్పటిదాక అయ్యింది ఇది: వంకాయ ప్రొటీన్ ఫాస్టా (ప్రొటీన్ల అక్షర వరుసల ఫైల్) దించుకుని, పీఫామ్‌ల (ప్రొటీన్ల పని చేసే భాగాలు, అంటే డొమైన్ల డేటాబేస్) ఉన్న పీఎఫ్00447 అనే హెచ్‌ఎస్‌ఎఫ్ డొమైన్ ప్రొఫైల్‌తోని హెచ్‌ఎంఎం సెర్చ్ నడిపిన. ఆప్షన్లు ఏవీ మార్చలే. నలభై దాటి వరుసలు వచ్చినయి. ఈ-వాల్యూ (ఊరికే తగిలే హిట్ల అంచనా, ఎంత చిన్నగుంటే అంత నమ్మకం) 10^-5 దగ్గర కోస్తే కూడ ముప్పైకి పైన్నే మిగిలినయి. అరబిడాప్సిస్‌ల 21, టమాటల పాతిక అటూఇటు అని చదివిన. వంకాయ, టమాట ఒక్కటే కుటుంబం, రెండింటికీ 12 జతల క్రోమోజోములే. మరి నాకిన్ని ఎక్కడికెళ్లి వచ్చినయి?

వరుసలు తిరగేస్తే కొన్ని పేర్లు చివర .1, .2 అని రెండేసి సార్లు కనబడ్తున్నయి. మూడు నాలుగింట్ల డొమైన్ సగమే ఉన్నది. సగం ఉన్నవాటిని తీసెయ్యాలా, ఉంచాలా? దీని తర్వాత ఫైలోజెనీ చెట్టు (జీన్ల వంశవృక్షం), డూప్లికేషన్లు, ప్రమోటర్లు (జీన్ ముందుండి దాన్ని నడిపే డీఎన్‌ఏ), ఆఖర్ల ఆర్‌టీ-పీసీఆర్ (జీన్ ఎంత లేచిందో ఆర్‌ఎన్‌ఏ కొలిచి చూసుడు) ఉన్నయి. మిషన్ 8 జీబీ ల్యాప్‌టాప్, విండోస్ లోపల ఉబుంటు.

---

డిండివాగు

కోత సంగతి తర్వాత, ముందు ఫాస్టా చూడండి. మీరు లెక్కపెట్టింది వరుసలను, జీన్లను కాదు. ఒక జీన్‌కు రెండు మూడు ట్రాన్స్‌క్రిప్టులు (ఒకే జీన్ నుంచి వచ్చే వేర్వేరు ఆర్‌ఎన్‌ఏ రూపాలు, ఐసోఫామ్‌లు) ఉంటే ప్రొటీన్ ఫైల్‌ల అన్నీ ఉంటయి, అన్నీ తగుల్తయి. ఆ .1, .2 అవే. జీఎఫ్‌ఎఫ్ ఫైల్ (ఏ జీన్ ఎక్కడున్నదో రాసిన ఫైల్) మీద అగాట్ ప్రోగ్రాం నడిపి జీన్‌కు ఒక్కటే, అన్నిట్ల పొడుగు ట్రాన్స్‌క్రిప్టు ఉంచండి. ఆ జీఎఫ్‌ఎఫ్‌నూ జీనోమ్ ఫాస్టానూ జీఎఫ్‌ఎఫ్-రీడ్‌కు ఇస్తే కొత్త ప్రొటీన్ ఫైల్ వస్తది. వచ్చిన ప్రొటీన్లల్ల మధ్యన చుక్క గాని నక్షత్రం గాని కనబడితే అక్కడ స్టాప్ కోడాన్ పడ్డట్టు, ఆ పేరు పక్కకు రాసిపెట్టుకోండి. ఇంటర్‌ప్రో స్కాన్ నక్షత్రమున్న వరుసను తీసుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతది. దానికి ఇచ్చే ముందు తీసెయ్యాలె.

ఇంకొకటి. వంకాయకు జీనోమ్ ఒక్కటే లేదు. 2014లో జపాన్ వాళ్లు నకాటె-షింకురో రకానిది డ్రాఫ్ట్ ఇచ్చిండ్రు, అదంత ముక్కలు ముక్కలుగ ఉంటది. తర్వాత 67/3, హెచ్‌క్యూ-1315 లాంటివి క్రోమోజోము స్థాయికి వచ్చినయి. ప్రొటీన్లు ఒకదానివి, జీఎఫ్‌ఎఫ్ ఇంకొకదానిది కలిస్తే ఇగ ఎప్పటికీ లెక్క కుదరదు. ఏ అసెంబ్లీ (కూర్చిన జీనోమ్), ఏ అనొటేషన్ (దాని మీద జీన్ల గుర్తింపు) వెర్షన్, ఏ తారీఖున దించుకున్నరు అన్నది నోట్‌బుక్‌ల మొదటి వరుస కావాలె. ముక్కల డ్రాఫ్ట్ మీద అయితే ఒక జీన్ రెండు స్కాఫోల్డుల (జీనోమ్ ముక్కల) మీద సగం సగం పడి రెండుగ లెక్కకు వస్తది. మీ పనికి క్రోమోజోము స్థాయిదే తీసుకోండి.

ఇప్పుడు కోత. హెచ్‌ఎంఎం సెర్చ్ ఏమీ చెప్పకపోతే ఈ-వాల్యూ 10 దాక ఉన్న ప్రతి చెత్తనూ చూపిస్తది. మామూలు అవుట్‌పుట్‌ల నడిమిట్ల ఇన్‌క్లూజన్ థ్రెషోల్డ్ అని గీత కొడ్తది చూడండి, ఆ గీత కింద ఉన్నవాటికి దానికే నమ్మకం లేదు. 10^-5 అనేది అందరూ వాడ్తరు గని, అది ఎవరో చేతికొచ్చినట్టు పెట్టిన అంకె. ఈ-వాల్యూ మీరిచ్చిన ఫైల్‌ల ఎన్ని ప్రొటీన్లున్నయి అన్నదాన్ని బట్టి మారుతది. ఐసోఫామ్‌లు తీసేస్తే అదే ప్రొటీన్‌కు అదే స్కోరుకు వేరే ఈ-వాల్యూ వస్తది. దాని బదులు కట్-జీఏ ఆప్షన్ పెట్టండి. పీఫామ్ వాళ్లు ఒక్కొక్క ఫ్యామిలీకి చూసి పెట్టిన గ్యాదరింగ్ స్కోరు అది, ఫైల్ సైజుతోని మారదు. పీఫామ్ పాత సైటు 2023 జనవరిల మూతబడ్డది, ప్రొఫైళ్లు ఇప్పుడు ఇంటర్‌ప్రో సైటుల దొరుకుతయి. పాత ట్యుటోరియల్ లింకులు పట్టుకుని తిరగొద్దు.

అవుట్‌పుట్ డామ్-టీబీఎల్ రూపంల తీసుకోండి, డొమైన్‌కు ఒక వరుస వస్తది. అండ్ల ట్యాబులుండవు, ఖాళీలే ఉంటయి. ఎక్సెల్‌ల తెరిస్తే కాలమ్‌లు అటిటు అయితయి, ఆక్‌తోని కోసుకోవాలె. 7వ కాలమ్ మొత్తం ప్రొటీన్ ఈ-వాల్యూ, 13వది ఆ ఒక్క డొమైన్ ఈ-వాల్యూ. 16, 17 కాలమ్‌లు ప్రొఫైల్ మీద ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో చెప్తయి, 18, 19 మీ ప్రొటీన్ మీద. చాలామంది 7వ కాలమ్ చూసి వదిలేస్తరు. మీ సగం డొమైన్ల జవాబు 16, 17లల్ల ఉన్నది.

ఎట్లంటే, హెచ్‌ఎస్‌ఎఫ్‌కు డీఎన్‌ఏను పట్టుకునే డొమైన్ ప్రొటీన్ మొదట్ల ఉంటది, దాదాపు 100 అమైనో ఆమ్లాలు. ఆ డొమైన్‌ను సరిగ్గ నడుమ ఒక ఇంట్రాన్ (ఎక్సాన్లు అనే ప్రొటీన్ రాసే ముక్కల నడుమ వచ్చే డీఎన్‌ఏ) కోస్తది, మొక్కల హెచ్‌ఎస్‌ఎఫ్‌లల్ల ఈ ఇంట్రాన్ జాగా దాదాపు మారదు. అంటే సగం డొమైన్ మొదటి ఎక్సాన్‌ల, మిగతా సగం రెండో ఎక్సాన్‌ల. ఆ ఇంట్రాన్ ఒక జీన్‌ల వంద బేసులు ఉండొచ్చు, ఇంకొక దాంట్ల వేలల్ల ఉండొచ్చు. వంకాయ జీనోమ్ నిండ ఎల్‌టీఆర్ రెట్రోట్రాన్స్‌పోజాన్లే (తన నకళ్లను వేరే జాగాలల్ల పెట్టే డీఎన్‌ఏ). అసొంటిది ఒకటి వచ్చి ఇంట్రాన్‌ల కూసుంటే, జీన్లను ఊహించే సాఫ్ట్‌వేర్ మొదటి ఎక్సాన్‌ను అందుకోలేక, రెండో ఎక్సాన్ లోపల దొరికిన ఏటీజీనే మొదలు అనుకుంటది. అప్పుడు మీ ఫైల్‌ల 16వ కాలమ్ 1, 2 కాడ మొదలుకాకుండ 50 చిల్లర కాడ మొదలైతది, 17వది ఆఖరు దాక పోతది. 18వ కాలమ్ చూస్తే ప్రొటీన్ల 1 గాని 3 గాని. అంటే ప్రొటీన్ మొదటి అక్షరమే డొమైన్ నడుమ. గిసొంటిది కనబడితే తీసెయ్యొద్దు. తప్పు అనొటేషన్‌ది, జీన్‌ది కాదు.

సరిచేసుడు కష్టమేం కాదు. టమాటల దాని జోడి జీన్ పట్టి, మొదటి ఎక్సాన్ ప్రొటీన్ ముక్క తీసుకుని, వంకాయల ఆ జీన్‌కు పైదిక్కు 10 వేల బేసుల మీద టీబ్లాస్ట్‌ఎన్ (ప్రొటీన్ పెట్టి డీఎన్‌ఏల వెతికేది) కొట్టండి. చిన్న ముక్క గనుక సెగ్ ఫిల్టర్ ఆపాలె, ఈ-వాల్యూ 1 దాక వదలాలె. తగిలిన జాగా చివర జీటీ, రెండో ఎక్సాన్ ముంగట ఏజీ ఉన్నయా, రీడింగ్ ఫ్రేమ్ కలుస్తదా చూడండి. ఎస్‌ఆర్‌ఏ డేటాబేస్‌ల వంకాయ ఆర్‌ఎన్‌ఏ-సీక్ ఏదైన తీసుకుని హైశాట్2తోని జీనోమ్ మీద పేర్చి ఐజీవీ బ్రౌజర్‌ల తెరిస్తే, రెండు ఎక్సాన్లను కలిపే రీడ్లు కంటికే కనబడ్తయి. కనబడితే సరిచేసిన వరుస వాడండి, పట్టికల సరిచేసినట్టు రాయండి.

దీనికి తిరుగుడు కూడ ఉంటది. పక్కపక్క ఐడీలు రెండు, ఒకదాంట్ల ప్రొఫైల్ 1 నుంచి 50, రెండోదాంట్ల 50 నుంచి ఆఖరు దాక. అవి రెండు జీన్లు కావు, ఒక్కటే జీన్ నడిమికి తెగింది. ఒకే ప్రొటీన్ల రెండు పూర్తి డొమైన్లు వస్తే రెండు జీన్లు అతుకుపడ్డయి అనుకోండి, ఎందుకంటే హెచ్‌ఎస్‌ఎఫ్‌కు ఆ డొమైన్ ఒక్కటే ఉండాలె. ఏపీ2, మిబ్, గ్రూప్ 1 డబ్ల్యూఆర్‌కేవైలల్ల రెండు ఉండుడు మామూలే, అక్కడి లెక్క ఇక్కడ పెట్టొద్దు.

ఇగ నిజంగ తీసెయ్యాల్సినవి: ప్రొఫైల్ల సగం కూడ కప్పనివి, చుట్టుపక్కల వెతికినా మిగతా ముక్క దొరకనివి, నడుమ స్టాప్ పడ్డవి, గ్యాపు ఎన్‌ల (జీనోమ్‌ల చదవని బేసుల) పక్కన తెగినవి. ఆఖరివాటిని సూడోజీన్ అనకండి, గ్యాపు అనే రాయండి.

ఇవన్నీ అయినంక మిగిలినవాటిల్ల నిక్కమైన వరుసలు పేర్చి, హెచ్‌ఎంఎం బిల్డ్‌తోని వంకాయ సొంత ప్రొఫైల్ చేసి మళ్లొకసారి వెతకండి. అరబిడాప్సిస్ 21 ప్రొటీన్లతోని బ్లాస్ట్‌పీ కూడ కొట్టి రెండు జాబితాలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్ల ఉండి ఇంకొకదాంట్ల లేనిది ఏదైన ఉంటే దానికి కారణం దొరికేదాక ముందుకు పోవద్దు. పైన చెప్పిన ఏ తప్పైనా ఇక్కడ బయట పడ్తది.

---

మూసీఒడ్డు (నల్లగొండ)

డిండివాగు గారు చెప్పినదాంట్లో ఒకటి కలపాలి. పీఎఫ్00447 తగిలిందంటే అది డీఎన్‌ఏను పట్టుకునే డొమైన్ ఉందని మాత్రమే. హెచ్‌ఎస్‌ఎఫ్ అనాలంటే దాని వెనకాల హెచ్ఆర్-ఏ/బీ అనే భాగం, అంటే కాయిల్డ్ కాయిల్ కట్టి మూడు అణువులను ఒకటి చేసే భాగం కూడా ఉండాలి. పీఫామ్ ప్రొఫైల్ దాన్ని చూడదు. స్మార్ట్‌లో గానీ కాయిల్స్ ప్రోగ్రాంలో గానీ చూడండి. అది లేని ప్రొటీన్‌ను ఫ్యామిలీ లెక్కలో కలపకండి. అలాగని పారేయకండి, విడిగా ఒక పట్టికలో పెట్టి కారణం రాయండి.

క్లాసులు ఆ భాగం చూస్తే చేతికి వస్తాయి, చెట్టు దాకా ఆగనక్కర్లేదు. హెచ్‌ఆర్-ఏకూ హెచ్‌ఆర్-బీకీ మధ్యన 21 అమైనో ఆమ్లాలు ఎక్కువుంటే క్లాస్ ఏ, 7 ఎక్కువుంటే క్లాస్ సీ, ఏమీ లేకపోతే క్లాస్ బీ. పైగా క్లాస్ ఏలో చాలావాటికి సీ-కొస దగ్గర ఏహెచ్‌ఏ మోటిఫ్ ఉంటుంది, జీన్లను లేపేది అదే. క్లాస్ బీలో దాని బదులు ఎల్-ఎఫ్-జీ-వీ అనే నాలుగక్షరాల గుర్తు ఉంటుంది, అది అణచేవాళ్ల గుర్తు. అరబిడాప్సిస్ 21లో ఏ 15, బీ 5, సీ ఒక్కటి. మీ చేతిలో సీ క్లాసువి నాలుగు తేలాయంటే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే లెక్క, మళ్లీ చూడండి.

చెట్టు విషయం. మొత్తం ప్రొటీన్ పేర్చకండి. సీ-కొస అంతా ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటుంది, అలైన్‌మెంట్ అక్కడ చిరిగిన చాపలా వస్తుంది, కొమ్మలన్నీ తారుమారు అవుతాయి. డీబీడీ (డీఎన్‌ఏను పట్టుకునే డొమైన్) మొదలు నుంచి హెచ్‌ఆర్-ఏ/బీ చివరి దాకా కోసుకుని, మాఫ్ట్‌లో ఎల్-ఇన్స్-ఐ పద్ధతిలో పేర్చి, ట్రిమాల్‌తో సన్నగా గొరిగి, ఐక్యూ-ట్రీకి ఇవ్వండి. మోడల్ అదే వెతుక్కుంటుంది. వంకాయ, టమాట, అరబిడాప్సిస్ మూడూ కలిపినా డెబ్బై ఎనభై వరుసలే, 8 జీబీ మీద చాయ్ తాగి వచ్చేసరికి అయిపోతుంది. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (కొమ్మను ఎంత నమ్మొచ్చో చెప్పేది) 1000 పెడితే వచ్చే అంకెను మెగా ప్రోగ్రాం ఇచ్చే అంకెలా చదవకండి. మామూలు బూట్‌స్ట్రాప్‌లో 70 వస్తే పరవాలేదంటాం, ఇందులో 95 దాటితేనే ఆ కొమ్మను నమ్మాలి. అల్ట్రాఫాస్ట్ 74 పెట్టుకుని బలమైన మద్దతు అని రాసిన పేపర్లు కొల్లలు.

పేర్లు పెట్టేటప్పుడు క్రోమోజోము వరుసలో 1, 2, 3 అని పెట్టే ఆచారం ఉంది. డబ్ల్యూఆర్‌కేవై లాంటి పెద్ద ఫ్యామిలీకి వేరే దారి లేక అలా చేస్తారు. హెచ్‌ఎస్‌ఎఫ్‌కు ఏ1ఏ, ఏ2, బీ1 అని మంచి పద్ధతి ఎప్పటినుంచో ఉంది. దాన్ని వదిలి హెచ్‌ఎస్‌ఎఫ్ 7, హెచ్‌ఎస్‌ఎఫ్ 12 అని పెడితే చదివేవాడికి టమాట ఏ2 ఏదో, వంకాయ ఏ2 ఏదో ఎలా తెలుస్తుంది? జోడి చూసి పేరు పెట్టండి. జోడిని రెండు వైపులా బ్లాస్ట్ కొట్టి ఒకసారి, చెట్టులో ఒకసారి, చుట్టుపక్కల జీన్ల వరుస కలుస్తుందా అని ఒకసారి చూడండి. మూడూ ఒకే మాట చెప్పనప్పుడు నా ఓటు చెట్టుకే.

అణుభారం, పీఐ (ప్రొటీన్ ఛార్జి సున్నా అయ్యే పీహెచ్), కణంలో ఎక్కడుంటుంది అన్న ఊహ, ఇవన్నీ ఒక పట్టికతో సరిపెట్టండి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ న్యూక్లియస్‌లో ఉంటుందని తేల్చడానికి రెండు పేజీలు అక్కర్లేదు.

---

చల్కభూమి

ఇద్దరికీ దండం. ఐసోఫామ్‌లు తీసి కట్-జీఏ పెట్టేసరికే లెక్క పాతిక దగ్గరికి దిగింది. సగం డొమైన్లున్న వాటిల్ల పక్కపక్క ఐడీలది ఒక జత దొరికింది, అచ్చం చెప్పినట్టే ఒకటి 1 నుంచి 48, ఇంకొకటి 49 నుంచి ఆఖరు దాక. ఐజీవీల రెండింటిని కలిపే రీడ్లు సాఫ్‌గ కనబడ్డయి. ఇంకొకదానికి మొదటి ఎక్సాన్ 2,800 బేసులు పైన దొరికింది.

ఇప్పుడు డూప్లికేషన్లు వెతికే ఎంసీస్కాన్ఎక్స్ మొరాయిస్తున్నది. 0 మ్యాచెస్ ఇంపోర్టెడ్ అని వస్తది, తర్వాత ఖాళీ ఫైల్. ఇంకో సంగతి, ప్లాంట్‌కేర్ డేటాబేస్‌ల ప్రమోటర్లు పెడితే ఒక్కొక్క జీన్‌కు వందకు పైన ఎలిమెంట్లు (జీన్‌ను నడిపే చిన్న గుర్తులు) వచ్చినయి, పట్టిక చూస్తే తల తిరుగుతున్నది. వీటిల్ల ఏది పనికొస్తది?

---

డిండివాగు

0 మ్యాచెస్ అంటే బ్లాస్ట్ ఫైల్‌ల పేర్లు, జీఎఫ్‌ఎఫ్ ఫైల్‌ల పేర్లు ఒక్కటి కూడ కలుస్తలేవు. పదికి తొమ్మిది సార్లు ప్రొటీన్ ఫైల్‌ల ట్రాన్స్‌క్రిప్టు పేరుంటది, చివర .1తోని, జీఎఫ్‌ఎఫ్‌ల జీన్ పేరుంటది. రెండింట్ల ఒకటే పేరు చెయ్యండి. మిగిలిన ఒక్కసారి విండోస్ తప్పు: నోట్‌ప్యాడ్‌ల దాచిన ఫైల్‌కు ప్రతి వరుస చివర కనబడని అక్షరం ఒకటి అంటుకుంటది, డాస్-టు-యూనిక్స్ కొడితే పోతది. ఎంసీస్కాన్ఎక్స్ అడిగే జీఎఫ్‌ఎఫ్ మామూలు జీఎఫ్‌ఎఫ్ కాదు, నాలుగే కాలమ్‌లు: క్రోమోజోము, జీన్ పేరు, మొదలు, ఆఖరు, నడుమ ట్యాబ్. రెండు ఫైళ్లకు ముందు పేరు ఒక్కటే ఉండాలె, ఒకే ఫోల్డర్‌ల ఉండాలె.

ఒక్క మాట అడుగుత, బ్లాస్ట్ దేని మీద కొట్టిండ్రు? హెచ్‌ఎస్‌ఎఫ్ ప్రొటీన్ల మీదనేనా? అట్లయితే పేర్లు కలిసినా ఏమీ రాదు. ఎంసీస్కాన్ఎక్స్ కనీసం 5 జీన్ల జతలు వరుసగ ఉంటేనే బ్లాక్ అంటది. పక్క జీన్లే లేకపోతే వరుస ఎక్కడిది? జీనోమ్‌ల ఉన్న ప్రొటీన్లన్నిటిని ప్రొటీన్లన్నిటి మీద కొట్టాలె, ఈ-వాల్యూ 10^-10, ఒక్కొక్క దానికి 5 హిట్లు. బ్లాస్ట్‌తోని మీ ల్యాప్‌టాప్ రాత్రంత ఊగుతది. డైమండ్ వాడితే నిమిషాలల్ల అయితది, అవుట్‌పుట్ ఫార్మాట్ 6 పెట్టండి.

డూప్లికేట్ జతలు దొరికినంక కేఏ/కేఎస్ (ప్రొటీన్‌ను మార్చే మార్పులు, మార్చని మార్పులు) లెక్కకు ప్రొటీన్లు పేర్చి, దాని మీద సీడీఎస్ (ప్రొటీన్ రాసే డీఎన్‌ఏ వరుస)ను పాల్‌2నాల్‌తోని కోడాన్ కోడాన్ తీరుగ పరవాలె. డీఎన్‌ఏ నేరుగ పేరిస్తే కోడాన్ నడుమ గ్యాపులు పడి అంకెలన్నీ ఆగమైతయి. కేఎస్ 2 దాటినవి పక్కకు పెట్టండి, ఒకే జాగాల మార్పు మీద మార్పు పడి ఆ అంకెకు అర్థం పోతది. ఇగ కేఎస్ నుంచి వయసు తీసేకాడ పైలం. సూత్రం చిన్నదే, కేఎస్‌ను రెండు లాంబ్డాలతోని (లాంబ్డా అంటే ఏడాదికి ఒక్కొక్క జాగాల పడే మార్పుల రేటు) భాగించుడు. లాంబ్డా ఏది పెట్టిండ్రు అన్నదే అసలు కథ. కేఎస్ 0.6 అనుకోండి. లాంబ్డా 1.5×10^-8 పెడితే 2 కోట్ల సంవత్సరాలు. 6.5×10^-9 పెడితే 4.6 కోట్లు. జీన్ అదే, వయసు రెండింతలు దాటింది. ఆ రెండో అంకె గడ్డిజాతుల నుంచి లెక్కగట్టింది, వంకాయకు దాన్ని ఎందుకు పెడ్తరో పెట్టేటోళ్లకే తెల్వాలె. నన్నడిగితే వయసు రాయకుండ కేఎస్ అంకెనే ఇచ్చి, జీనోమ్ మొత్తంల కేఎస్ గుట్ట ఎక్కడ లేచిందో పక్కన చూపిస్తే చాలు. టమాట, ఆలుగడ్డ, వంకాయ విడిపోకముందే సోలనేసీల జీనోమ్ మొత్తం మూడింతలు అయ్యింది. మీ జతలు ఆ గుట్టల పడ్తయా, దాని తర్వాత పుట్టినయా, అదొక్కటి చెప్తే సరిపోతది.

---

మూసీఒడ్డు (నల్లగొండ)

ప్రమోటర్ల పట్టికలో ముందు టాటా-బాక్స్, సీఏఏటీ-బాక్స్ వరుసలన్నీ కొట్టేయండి, సగం బరువు దిగుతుంది. సీ-ఏ-ఏ-టీ నాలుగక్షరాలు. ఏ డీఎన్‌ఏలోనైనా 256 బేసులకు ఒకసారి ఊరికే తగులుతుంది. 2000 బేసుల ప్రమోటర్‌లో ఒక పోగు మీద 8, రెండు పోగులూ కలిపితే 16. ఏ గొప్పా లేకుండా, పాచికలు వేసినా వచ్చే సంఖ్య అది. మన మొక్కల డీఎన్‌ఏలో ఏ, టీలు ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువే వస్తుంది.

మీకు కావలసింది హెచ్‌ఎస్‌ఈ, అంటే డీఎన్‌ఏ మీద హెచ్‌ఎస్‌ఎఫ్‌లు పట్టుకునే గుర్తు. జీఏఏ, రెండు బేసులు వదిలి టీటీసీ, మళ్లీ రెండు వదిలి జీఏఏ, ఇలా కనీసం మూడు ముక్కలు వరుసగా ఉన్నచోటే లెక్కపెట్టండి. ఒంటరి జీఏఏను హెచ్‌ఎస్‌ఈ అనకండి. హెచ్‌ఎస్‌ఎఫ్ జీన్ల ప్రమోటర్లలోనే హెచ్‌ఎస్‌ఈ ఉంటే వాటిని వేరే హెచ్‌ఎస్‌ఎఫ్‌లు లేపుతున్నాయేమో అన్న ప్రశ్నకు దారి దొరుకుతుంది. ఎన్ని దొరికినా ఒక పోలిక పెట్టండి: జీనోమ్‌లోంచి గుడ్డిగా 1000 జీన్ల ప్రమోటర్లు తీసి వాటిలో ఎన్ని వస్తాయో చూడండి. అక్కడా అన్నే వస్తే మీ పట్టికకు విలువ లేదు.

ప్రమోటర్ కోసేటప్పుడు రెండు గుంతలు. మైనస్ పోగు మీదున్న జీన్‌కు పైదిక్కు అంటే అంకె పెరిగే దిక్కు. బెడ్‌టూల్స్‌లో ఫ్లాంక్‌కూ గెట్‌ఫాస్టాకూ రెండింటికీ పోగు ఆప్షన్ పెట్టకపోతే సగం జీన్లకు ప్రమోటర్ బదులు తోక వస్తుంది. అది ఎర్రర్ ఇవ్వదు, ఫలితం చక్కగా వచ్చినట్టే ఉంటుంది. సరిచూడడం ఎలాగంటే 2000 బదులు జీన్ మొదటి మూడక్షరాలు కూడా కలిపి 2003 బేసులు తీసి చూడండి, ప్రతి దాని చివర ఏటీజీ ఉండాలి. రెండోది, మీరు మొదటి ఎక్సాన్ సరిచేసిన జీన్ ఒకటుంది కదా, దానికి పాత జీఎఫ్‌ఎఫ్‌తో కోస్తే ప్రమోటర్ పేరుతో ఇంట్రాన్ వస్తుంది. 2,800 పైకి జరపండి. తెగిన జతలో రెండో ముక్కకు కూడా అదే.

---

మన్యంకొండ మెట్లు

ఆర్‌టీ-పీసీఆర్ దాక వచ్చిండ్రు కాబట్టి ఆ ముచ్చట. కంట్రోల్ ఆకులు ఉదయం 8కి, ఎండ తాకిన ఆకులు మధ్యాహ్నం 2కి తెంపుడు ఉన్నది చూడండి, చాలామంది చేసేది గదే. అప్పుడు మీరు చూసేది వేడి తేడానా, పూట తేడానా? హీట్ షాక్ జీన్లు చాలా వరకు పూటను బట్టి కూడ ఎక్కుతయి దిగుతయి. రెండూ ఒకే గడియల తెంపాలె. పొలంల అది కుదరదు కాబట్టి కుండీలల్ల పెంచి, గ్రోత్ చాంబర్ల ఒక గుంపు 28 డిగ్రీల మీద, ఒక గుంపు 42 మీద, ఒక్కటే సమయానికి మొదలుపెట్టండి. కుండీ మట్టి తడిగ ఉండాలె, లేకపోతే వేడి కాదు, నీళ్ల ఎద్దడి కొలుస్తరు. మన ఎర్ర చల్క నేల కుండీల పోస్తే గంటల్ల ఎండిపోతది, అండ్ల పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి.

హెచ్‌ఎస్‌ఎఫ్‌లు తొందరగ లేస్తయి. 15 నిమిషాలు, 30 నిమిషాలు, 1 గంట, 3 గంటలు, 6 గంటలు చూడండి. నేరుగ 24 గంటలకు చూస్తే లేచి పడుకున్నంక చూసినట్టే. ఏ2 బాగ లేస్తది. ఏ1 కదలకపోతే ప్రయోగం చెడ్డదనుకోవద్దు. ఏ1 ప్రొటీన్ ముందే తయారుగ ఉంటది, హెచ్‌ఎస్‌పీ70, 90 అనే హీట్ షాక్ ప్రొటీన్లు దాన్ని పట్టి ఆపుతయి, వేడికి అవి వదిలేస్తే అది లేస్తది. ఆర్‌ఎన్‌ఏ పెరగాల్సిన పని లేదు. టమాటల అందరికంటె ముందు నిలబడేది ఆ ఏ1ఏనే. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ లేచినదే ముఖ్యమైన జీన్ అని రాస్తే తప్పుబడ్తరు.

ప్రైమర్లు (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) డీబీడీల వెయ్యొద్దు, అన్నీ ఒకే తీరుగ ఉంటయి, నాలుగు జీన్లు కలిసి ఒకటే పట్టీ ఇస్తయి. 3' యూటీఆర్‌ల (జీన్ చివర ప్రొటీన్ రాయని తోక) గాని సీ-కొసల గాని వెయ్యండి, 80 నుంచి 150 బేసుల ముక్క. ఐదు పలుచనల మీద గీత గీసి ఎఫిషియెన్సీ 90 నుంచి 110 శాతం నడుమ ఉందా చూడండి, మెల్ట్ కర్వ్‌ల ఒక్కటే శిఖరం రావాలె. యాక్టిన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 42 డిగ్రీల మీద అది కూడ కదులుతది. మూడు నాలుగు రిఫరెన్స్ జీన్లు పెట్టి, కదలని రెండు ఉంచుకోండి.

---

చల్కభూమి

ఆఖరుది ఒకటి. జీనోమ్ ఏమో వేరే దేశపు రకానిది, నా చేతిల ఉన్నది ఇక్కడి నాటు గుత్తి వంకాయ. ప్రైమర్ జీనోమ్ చూసి వేస్తే సరిపోతదా?

---

మన్యంకొండ మెట్లు

చాలావరకు పడ్తది గని 3' యూటీఆర్ తొందరగ మారే జాగా, ప్రైమర్ 3' కొసల ఒక్క అక్షరం మారినా సైకిళ్లు వెనకపడ్తయి. అప్పుడు నాటు రకంల ఆ జీన్ తక్కువ లేచినట్టు కనబడ్తది, నిజానికి ప్రైమరే అతుకలే. మీరు పోల్చేదే రెండు రకాలను కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఎఫిషియెన్సీ గీత ఒక్కొక్క రకం మీద వేర్వేరుగ గీయండి. రెండింటి నడుమ 5 శాతం దాటి తేడా వస్తే, ఆ ముక్కను రెండు రకాల నుంచి పెంచి సాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపి, మారిన అక్షరం తప్పించి కొత్త ప్రైమర్ వెయ్యండి. ప్రైమర్ చుట్టూ రెండు దిక్కులా ఇంకో 100 బేసులు వచ్చేటట్టు పెద్ద ముక్క పెంచండి, లేకపోతే సాంగర్ల మొదటి 30, 40 అక్షరాలు చదవరాక ప్రైమర్ జాగానే కనబడది.

---

డిండివాగు

ఆ గుత్తి వంకాయ ఆర్‌ఎన్‌ఏ ఎట్లాగు తీస్తున్నరు కదా, వీలైతే ఒక్క శాంపిల్ ఆర్‌ఎన్‌ఏ-సీక్‌కు పంపండి, ఆకు, పూత కలిపి, 42 డిగ్రీల మీద గంట ఉంచినంక తెంపింది. మీ జీన్లన్నిటికి నాటు రకం సొంత సీడీఎస్, 3' కొసలు ఒక్కసారే చేతికొస్తయి, పైన సరిచేసిన మొదటి ఎక్సాన్లకు కూడ అదే సాక్ష్యం. ఇంకా తేలని సగం డొమైన్లు ఏమన్న మిగిలితే పట్టికల విడిగ పెట్టి, ప్రొఫైల్ మీద ఎక్కడి నుంచి ఎక్కడిదాక ఉన్నయో 16, 17 కాలమ్‌ల అంకెలు పక్కన రాయండి.